ఎవరెంత తాగారో తెలియని కుండ

అసెకెన్యె నోటికి జడిసి ఒకాపెల్ సంతలో కుక్కలు కూడా ఆమె వాకిలి తప్పుకుని పోయేవి. మనిషి చూస్తే పిడికెడు. గొంతు మాత్రం మేకల బేరాలు జరిగే ఆ చివరిదాకా వినబడేది. భర్త పోయేనాటికి ఆమెకు మిగిలింది ముగ్గురు పిల్లలు, ఒక కుండ. బంధువులు వచ్చారు, ఏడ్చారు, తిన్నారు, వెళ్లారు. ఆమె మర్నాడే రాగులు నానబోసింది. పిండి పులియబెట్టి గోతిలో పాతడం, తీసి పెద్ద పెనం మీద వేయించడం, మొలకల పిండి కలిపి కుండకెత్తడం, ఆ పొగలో, ఆ పులుపు వాసనలో పిల్లలు ముగ్గురూ పెద్దవాళ్లయ్యారు. ఇద్దరు చదువుకున్నారు. మూడోవాడు చదవనని మొండికేస్తే తిట్టి తిట్టి తాపీమేస్త్రీని చేసింది. మా తేసో ప్రాంతంలో ఇలాంటి ఆడవాళ్లు ఊరికొకరు ఉంటారు. కాని అసెకెన్యె రాగి కల్లుకున్న పేరు ఇంకెవరి కల్లుకూ లేదు. ఈ మాట నేను పక్షపాతంతో అనడం లేదు, తాగినవాడెవణ్నయినా అడగండి.

సంత రోజు మధ్యాహ్నం మామిడి నీడలో కుండ దిగేది. చుట్టూ ఎనిమిదిమందో పదిమందో పొట్టి కుర్చీలు వేసుకుని కూర్చునేవారు. కల్లు పీల్చే గొట్టం ఎవరిది వాళ్లదే. మనిషి నిలువుకంటే పొడవుండేవి ఆ గొట్టాలు, ఇంటి చూరులో దాచుకునేవారు, పెళ్లాం చేతికి కూడా ఇచ్చేవారు కాదు. అందరి గొట్టాలూ ఆ ఒక్క కుండలోనే. అసెకెన్యె కెటిల్ పట్టుకుని తిరుగుతూ కాగిన నీళ్లు పోసేది. కల్లు తగ్గితే నీళ్లు, మళ్లీ తగ్గితే మళ్లీ నీళ్లు. ఇక ఎవడు ఎంత పీల్చాడో పైనున్న దేవుడికి కూడా తెలియదు. కొందరు బుగ్గలు అతుక్కుపోయేలా లాగేస్తారు. కొందరు గొట్టం పెదాలకు ఆనించుకుని కబుర్లతోనే పొద్దుపుచ్చుతారు. వాళ్లను 'సావాసానికి పట్టుకున్నవాళ్లు' అంటారు. డబ్బు కుండకు గాని మనిషికి కాదు. ఎవరెంత తాగారని చూడడం మావాళ్ల దృష్టిలో పక్కవాడి కంచంలోకి తొంగిచూడడం లాంటిది, మర్యాద తెలిసినవాడు చెయ్యడు.

ఆ కుండకొక కట్టుబాటు ఉంది. నీళ్లు పోసిన తర్వాత, ఆ నీళ్లు తగ్గేదాకా ఎవడూ లేవకూడదు. మధ్యలో లేస్తే కుండను అవమానించినట్టు. తప్పనిసరయితే కుండ పెద్దను సెలవడగాలి. కుండ పెద్ద ఎలుంగట్. ఆయన అసెకెన్యె భర్తకు అన్న. వంశానికి పెద్ద కూడా ఆయనే. వంశం పశువులు ఒక దొడ్డి నుంచి ఇంకో దొడ్డికి కదలాలంటే ఆయన నోటిమాట కావాలి.

ఒజిలోంగ్ కూడా ఆ వంశంవాడే. వరసకు అసెకెన్యెకు కొడుకు. కన్నకొడుకుల కంటే వీడంటేనే ఆమెకు ముద్దు అని కోడళ్లు మూతులు తిప్పుకునేవారు. వాడికో డొక్కు మోటారు బండి ఉండేది, సంత సరుకంతా దాంట్లోనే పోయేది. ఆమె రాగుల బస్తాలకు ఏనాడూ కిరాయి పుచ్చుకోలేదు. 'పిన్నీ' అని వాకిట్లోకి వచ్చాడంటే తిట్లు కూడా తియ్యగా వచ్చేవి ఆమె నోటినుంచి.

నారింజల కాలంలో ఒక సంత రోజున జరిగింది ఇది. బండికి నారింజ బస్తాలు ఎక్కించారు. ఒజిలోంగ్ కుండ దగ్గర కూర్చున్నాడు. ఎంతసేపు కూర్చున్నాడు, ఎన్నిసార్లు నీళ్లు పోసింది అంటే ఎవరూ చెప్పలేరు. అసెకెన్యె అప్పుడే కొత్తగా నీళ్లు పోసింది. వాడు గొట్టం పక్కన పెట్టి లేచాడు.

"పెదనాన్నా, సెలవిప్పించండి. నాకు చాలు. బండి తోలాలి" అన్నాడు.

ఎలుంగట్ నోరు తెరిచేలోపే అసెకెన్యె అందుకుంది. "ఏరా, నా నీళ్లు చేదెక్కాయా? ఇప్పుడే గదా పోశాను. నారింజలకు కాళ్లొచ్చి పారిపోతాయా ఏంటి? కూర్చో, కూర్చో!"

అందరూ గొల్లున నవ్వారు. "కట్టుబాటు అందరికీ ఒకటే రా అబ్బాయ్, కూర్చో" అన్నాడు ఎలుంగట్.

వాడూ నవ్వాడు, కూర్చున్నాడు. నీళ్లు తగ్గాక లేచి, అందరికీ చెయ్యి ఊపి బండెక్కాడు. చర్చి దాటాక వచ్చే మలుపులో అగుతిని గుద్దేశాడు. అగుతి కుట్టుపని చేసుకుని బతికే పిల్ల. సంతలో గుడ్డ కొనుక్కుని రోడ్డు వారగా నడిచి వెళుతోంది. బండి ఆమెను గుద్ది, పక్కనున్న కాలువలోకి దిగి ఆగింది. నారింజలు రోడ్డంతా దొర్లాయి. చెప్పడానికి సిగ్గుగా ఉంది, పిల్ల అక్కడ నెత్తురు మడుగులో పడి ఉంటే కొందరు ఆ నారింజలు ఏరుకున్నారు. ఆస్పత్రిలో ఆమె కుడికాలు మోకాలి పైకి తీసేశారు.

పోలీసులు ఒజిలోంగ్‌ను పట్టుకెళ్లారు. నోట్లో గొట్టం పెట్టి ఊదించే మిషను ఉందిగాని అందులో బ్యాటరీలు లేవట. బ్యాటరీలు దొరికేసరికి వాడు రెండు పూటలు సంకటి తిని, నిద్రపోయి లేచాడు. అప్పుడు ఊదితే ఏం తేలుతుంది, వాడు తిన్న అలసందాకు కూర తప్ప! బీమా గడువు చూస్తే ఎప్పుడో దాటిపోయింది. వాణ్ని పూచీకత్తు మీద వదిలేశారు.

ఆ రాత్రినుంచి అసెకెన్యెను రెండు ఆలోచనలు పట్టుకున్నాయి. వాడు లేచాడు, నేను కూర్చోబెట్టాను అనేది ఒక ఆలోచన. నేనేమన్నా తాళ్లతో కట్టేశానా, హాస్యానికన్నాను గదా అనేది ఇంకో ఆలోచన. ఈ రెండూ ఒకదాని జుట్టు ఒకటి పట్టుకుని ఆమె బుర్రలో పెనుగులాడాయి. పిండి వేయిస్తూ మాడ్చేసింది. ఆమె పిండి మాడ్చడం ఒకాపెల్ చరిత్రలో అదే మొదటిసారి.

అగుతి పట్నం వెళ్లి లాయరును పట్టుకుంది. పేదవాళ్లకు ఊరికే వాదించే సంఘం ఒకటుంది, అక్కడి అమ్మాయి. ఒజిలోంగ్ మీద నష్టపరిహారం దావా పడింది. వాడు తాగి నడిపాడని రుజువైతే కాలుకు బదులు ఏదో ఒకటి ముడుతుంది, రుజువు కాకపోతే మొండిచెయ్యి. రుజువేమిటంటే ఆ కుండ చుట్టూ కూర్చున్నవాళ్ల నోటిమాట. అంతకుమించి ఇంకేమీ లేదు.

ఎలుంగట్ అందర్నీ పిలిచాడు. "వాడు సావాసానికి గొట్టం పట్టుకున్నాడంతే. అందరమూ అదే చెబుదాం. అబద్ధమని ఎవడంటాడు? ఎవడన్నా చూశాడా వాడు పీల్చింది?" అన్నాడు. ఎవరూ చూడలేదు, నిజమే. అందరూ తలలూపారు. అసెకెన్యె ఊపిందో లేదో ఆమెకే గుర్తు లేదు.

"లేచి వెళతానన్నాడు గదా బావగారూ, ఆ మాట?" అంది మెల్లిగా. ఆమె అంత మెల్లిగా మాట్లాడడం ఎవరూ ఎరగరు.

"ఏ మాట? అది మనిళ్లలో మాట. కోర్టుకెందుకు? ఆ మాట చెబితే వాడు మునుగుతాడు, నువ్వూ మునుగుతావు. వంశం కోసం నోరు కాస్త కట్టుకో. జీవితంలో ఒక్కసారన్నా."

ఒజిలోంగ్ దూరంగా, ఈ మాటలు వినబడనిచోట కూర్చుని గోళ్లు కొరుక్కుంటున్నాడు. వంశం ఒక ఎద్దునమ్మి వాడికి పెట్టించిన లాయరు బండ మనిషి. "రోడ్డుకు మేక ఏమన్నా అడ్డమొచ్చిందా?" అని అడిగాడట. "వచ్చుండొచ్చు" అన్నాడట వీడు. అంతే, కాగితాల్లో మేక ఎక్కేసింది.

కొన్నాళ్లకు అగుతి అసెకెన్యె వాకిట్లోకి వచ్చింది. చంకల్లో కర్రలు. ఇంత దూరం ఎండలో ఎలా వచ్చిందో! అసెకెన్యె చేతిలో పని వదిలేసింది. పరుగున పీట వేసింది, నీళ్లిచ్చింది, చింతపండు వేసి గెలికిన సంకటి, వేరుశనగ ముద్ద పెట్టింది. పిల్ల తిన్నది. ఆకలి మీద ఉంది, దాచుకోలేదు.

"అత్తా, నేను తిట్టడానికి రాలేదు" అంది చెయ్యి కడుక్కుని. "ఒక్క మాట చెప్పండి. అతను తాగి ఉన్నాడా, లేదా?"

"ఏమోనే తల్లీ."

"మీ కుండ దగ్గరే గదా కూర్చుంది?"

"కూర్చున్నాడు."

"ఎంత తాగాడు?"

"అదెవరికి తెలుస్తుంది? అందరూ ఒకే కుండలో గదా. ఒట్టు, నిజంగానే తెలీదు."

అగుతి కర్రలు దగ్గరికి లాక్కుంది. "బాగుంది అత్తా మీ కుండ. కొలతే లేకపోతే ఇక అబద్ధం అనేదే ఉండదు" అంది. "నాది తొక్కుడు మిషను. ఒంటికాలితో తొక్కి చూశాను. కుట్టు వంకర పోతోంది, నడుము విరిగిపోతోంది. మా అమ్మకు నేను తప్ప ఎవరూ లేరు. మీరు నిజంగా తెలీదంటే తెలీదనే చెప్పండి. తెలిసింది మాత్రం దాచకండి."

ఆ పిల్ల కర్రల చప్పుడు దూరమయ్యేదాకా అసెకెన్యె అక్కడే నిలబడింది. చెబితే కొడుకులాంటివాడు పోతాడు. చెప్పకపోతే ఈ పిల్ల పోతుంది. పోనీ ఏది నిజమో ఆ నిజం చెబుదామంటే అసలు ఏది నిజమో ఆమెకే తెలియదు. 'చాలు' అన్నాడు. చాలు అంటే మత్తెక్కిందనా, లేక మంచిబుద్ధితో ఆపుకున్నాడనా? మొదటిదైతే వాడు దోషి. రెండోదైతే దోషి ఎవరు? తిడదామంటే ఎదురుగా ఎవరూ లేరు, వెళ్లి మేకను తిట్టింది.

కోర్టులో ఆమె వంతు వచ్చింది. మేజిస్ట్రేటు నడివయసు ఆవిడ, కళ్లజోడు పెట్టుకుని ఓపిగ్గా ఉంది. ఆ ఓపిక ఎంతసేపు నిలిచిందో చెబుతాను వినండి.

అగుతి తరఫు లాయరు లేచింది. "ముద్దాయి ఎన్ని గ్లాసులు తాగాడు?"

"గ్లాసు లేదండీ."

"సీసాలా?"

"సీసా లేదండీ."

"మరి ఎందులో తాగాడు?"

"కుండలో."

"కుండెడు తాగాడా?"

"చాల్లే అమ్మా! కుండంతా ఒక్కడెలా తాగుతాడు, వాడేమన్నా ఏనుగా?"

కోర్టంతా నవ్వింది. మేజిస్ట్రేటు బల్ల మీద కొట్టింది. ఇప్పుడు బండ లాయరు లేచాడు, మొహాన చిరునవ్వు.

"అంటే, అతను సావాసానికి గొట్టం పట్టుకున్నాడేగాని చుక్క తాగలేదని చెప్పొచ్చు గదమ్మా?"

"చెప్పొచ్చు."

"విన్నారా?" అన్నాడు మేజిస్ట్రేటుతో.

"ఆగండి" అంది మేజిస్ట్రేటు. "అమ్మా, అతను బాగా తాగాడని కూడా చెప్పొచ్చా?"

"అదీ చెప్పొచ్చండీ."

మేజిస్ట్రేటు కళ్లజోడు తీసి కళ్లు నులుముకుంది. "నీకు తెలిసింది చెప్పమ్మా. చెప్పొచ్చనేది కాదు."

అసెకెన్యె హాల్లోకి చూసింది. ఎలుంగట్ కళ్లతోనే 'నోరు మూసుకో' అంటున్నాడు. ఒజిలోంగ్ నేల చూపులు చూస్తున్నాడు. అగుతి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. బెంచీ మీద చోటుంది, కూర్చోలేదు. కూర్చుంటే మళ్లీ లేవడం కష్టమని కాబోలు. ఆమెను చూసేసరికి అసెకెన్యె నోట్లోంచి ఏళ్ల తరబడి ఎవరూ ఆపలేని ఆ గొంతు తన్నుకొచ్చింది.

"మీరెవ్వరూ అడగాల్సింది అడగడం లేదండీ! వాడు లేచాడు. నాకు చాలు, బండి తోలాలి అన్నాడు. నేనే కూర్చోబెట్టాను. నా నీళ్లు చేదెక్కాయా అని వెక్కిరించాను. వీళ్లంతా నవ్వారు. వాడు కూర్చుని మళ్లీ గొట్టం అందుకున్నాడు. ఇదొక్కటే నాకు తెలిసింది. వాడు తాగి ఉన్నాడో లేదో నన్నడక్కండి, నాకు తెలీదు!"

ఇద్దరు లాయర్లూ ఒక్కసారే లేచారు. చాలన్నాడంటే తనకు ఎక్కిందని తెలిసి కూడా బండెక్కాడని అమ్మాయి లాయరు. చాలన్నవాణ్ని బలవంతంగా తాగించారంటే తప్పు ఈమెదేనని, కావాలంటే ఈమె మీద దావా వేసుకోమని బండ లాయరు. ఒకే ముక్క పట్టుకుని ఒకరు ఇటు, ఒకరు అటు లాగుతుంటే అసెకెన్యె నోరు తెరిచి చూస్తూ నిలబడింది. తను చెప్పింది ఏ పక్షానికి పనికొచ్చిందో ఆమెకు బోధపడలేదు. నాకూ బోధపడలేదు, ఆ మాటకొస్తే.

అప్పుడు ఒజిలోంగ్ లేచాడు. ఎవరూ పిలవలేదు.

"ఆమెనేమీ అనకండి. నన్నెవరూ కట్టెయ్యలేదు. బండి నాది. తొక్కిన కాలు నాది. తప్పు నాదే, నా ఒక్కడిదే" అన్నాడు.

బండ లాయరు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. మేజిస్ట్రేటు రాసుకుంది. తీర్పు అగుతి పక్షాన వచ్చింది. ఒజిలోంగ్ బండి అమ్మినా, ఉన్న గుడిసె అమ్మినా అందులో పావు వంతు రాదు, అంత మొత్తం కట్టమన్నారు. అసెకెన్యె కోర్టు మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. పోనీలే, వంశం దొడ్లో పశువులున్నాయి, పిల్లకు న్యాయం జరిగింది, వీణ్ని కూడా వంశం ఒడ్డున వేస్తుంది అనుకుంది. మావాళ్లలో ఎవడు ఎవణ్ని కొట్టినా చంపినా వంశమంతా పశువులు పోగేసి కట్టడమే పద్ధతి. తాతలనాటినుంచీ అంతే.

కాని ఎలుంగట్ అడ్డం తిరిగాడు.

"ఏమన్నాడు వాడు? నా ఒక్కడిదే అన్నాడా లేదా? పరాయివాళ్ల ముందర, నిండు కోర్టులో! మన వంశంలో ఒకడి తప్పు ఒకడిది కాదు, అందరం మోస్తాం కాబట్టే వంశమంటున్నాం. నాదే అన్నవాడు తనను తానే వేరు కట్టుకున్నాడు. ఇక మోసుకోమనండి. ఒక్క దూడ కూడా కదలదు."

ఇదెక్కడి గోల! అబద్ధం చెబితే పిల్లకు మొండిచెయ్యి. నిజం చెబితే వాడు మంచివాడిలా నెత్తిన వేసుకున్నాడు, అయినా పిల్లకు మొండిచెయ్యే. తనూ వాడూ నిజమే చెప్పారు, ఎవరి అబద్ధమూ సాగలేదు, అగుతి మాత్రం చేతిలో తీర్పు కాగితంతో ఇంట్లో కూర్చుంది. అసెకెన్యె ఎన్ని విధాల తిప్పి చూసినా ఈ లెక్క తేలలేదు. ఒకరోజు ఒజిలోంగ్ దగ్గరికి వెళ్లి "పోనీ, నా ఒక్కడిదే అన్న మాట వెనక్కి తీసుకోరా" అంది. "ఎలా తీసుకోను పిన్నీ, అది నిజమే గదా" అన్నాడు వాడు. "మీ పెదనాన్న చెప్పేది కూడా నిజమే గదరా" అంది.

తర్వాతి సంతకు అసెకెన్యె కుండ దించింది. అగుతికి కబురు పెట్టి పిలిపించింది. ఒజిలోంగ్‌ను చెవి పట్టుకుని లాక్కొచ్చినంత పనిచేసింది. ఎలుంగట్, మిగతావాళ్లు వచ్చి గొట్టాలు దించారు. నీళ్లు కాగుతున్నాయి. ఆమె పొయ్యి పక్కనే నిలబడి ఉంది తప్ప పొయ్యడం లేదు.

"ఏమ్మా, నీళ్లు?" అన్నాడు ఎలుంగట్.

"ముందు ఈ పిల్ల సంగతి తేల్చండి బావగారూ. తేలేదాకా చుక్క పొయ్యను."

"తేల్చేదేముంది? 'మనం గుద్దాం' అనమను వాణ్ని. రేపే ఎడ్లు తోలిస్తాను."

ఒజిలోంగ్ నీళ్లు నమిలాడు. "మనం ఎలా గుద్దాం పెదనాన్నా? మీరందరూ ఇక్కడే కూర్చున్నారు గదా."

"చూశారా! చూశారా పొగరు!"

"పొగరు కాదు, అర్థం కాక అడుగుతున్నాను."

అంతే, అసెకెన్యెకు తిక్క రేగింది. "అర్థం కానిదేంట్రా? బావగారూ, మీరూ వినండి. వాడు లేస్తే కూర్చోబెట్టిందెవరు? నేను. కట్టుబాటన్నదెవరు? మీరు. పళ్లన్నీ బయటపెట్టి నవ్విందెవరు? ఈ పెద్దమనుషులంతా. గుద్దింది వాడే, కాదన్లేదు. కూర్చోబెట్టింది మాత్రం మనం కాదూ? గుద్దడం వాడిదంటే కూర్చోబెట్టడం మనదేగా! ఆ మాత్రానికన్నా ఎడ్లు కదలవా? లేదూ, వంశం అనేది నవ్వడానికేనా, మొయ్యడానికి కాదా?"

ఎలుంగట్ గడ్డం గోక్కున్నాడు, గొట్టం అటూ ఇటూ తిప్పాడు. నిండు కుండ దగ్గర మరదలి చేత మాట పడడం ఆయనకు కొత్త కాదు.

"కూర్చోబెట్టింది మనమే" అన్నాడు చివరకు. "అది ఒప్పుకుంటాను. ఆ కూర్చోబెట్టినందుకు వంశం కడుతుంది. కోర్టు రాసిందంతా మావల్ల కాదు. దొడ్లో సగం తోలిస్తాను. మిగతాది వాడు బతికినన్నాళ్లూ కట్టుకుంటాడు. ఏమ్మా అగుతీ, సమ్మతమేనా?"

అగుతి తలూపింది. హమ్మయ్య అనుకున్నారందరూ. కుండ చుట్టూ ఊపిరి వచ్చింది, ఎవరో దగ్గారు, ఎవరో నవ్వారు. తగువు తీరితే ఇరుపక్షాలవాళ్లూ ఒకే కుండలోంచి పీల్చడం ఆనవాయితీ. అసెకెన్యె గబగబా నీళ్లు పోసి, తను ముందు ఒక గుక్క పీల్చి, ఆ గొట్టం అగుతి చేతికిచ్చింది.

అగుతి గొట్టం పట్టుకుంది గాని పెదాలకు ఆనించలేదు. ఎదురుగా కూర్చున్న ఒజిలోంగ్‌ను చూసింది.

"నేనొకటి అడగాలి. కోర్టులో ఎవరూ అడగలేదు. అడుగుతారనే ఎదురుచూశాను" అంది. "నన్ను చూశావా?"

"ఎప్పుడు?"

"గుద్దేముందు. బండి నా మీదికి వస్తుంటే నేను గట్టు మీదికి ఎక్కబోయాను. నీవైపే చూశాను. అద్దంలోంచి నీ మొహం నాకు కనబడింది. కళ్లు తెరిచే ఉన్నాయి. ఇన్నాళ్లూ రాత్రుళ్లు అదే మొహం. నువ్వు నన్ను చూశావా? చూసి తిప్పబోయి కుదరలేదా? అసలు చూడలేదా? ఏదైనా సరే, చెప్పు. నేనేమీ అనను."

ఒజిలోంగ్ చేతిలో గొట్టం కింద పెట్టాడు. అందరూ వాడివైపే చూస్తున్నారు.

"మేక ఉందా?" అని అడిగింది అగుతి.

"తెలీదు."

"నేనున్నానా?"

"గుర్తు లేదు" అన్నాడు వాడు. "ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు. కాలువలో జనం తలుపు తీసి లాగడం గుర్తుంది. దానికి ముందు ఏమీ లేదు. కుండ దగ్గర నేను లేచానని, చాలన్నానని పిన్ని కోర్టులో చెబితేనే నాకు తెలిసింది."

అసెకెన్యెకు అప్పుడు అర్థమైంది. లేచిన సంగతే గుర్తులేనంతగా వాడికి అప్పటికే ఎక్కేసిందన్నమాట. నవ్వుతూ మాట్లాడాడు, సెలవడిగాడు, ఆమె వెక్కిరింతకు తిరిగి నవ్వాడు, ఆ మనిషినే ఆమె కూర్చోబెట్టి మళ్లీ గొట్టం పట్టించింది. ఎంత తాగాడు, ఎంత తాగాడు అని ఊరూ కోర్టూ అడిగితే తెలీదు తెలీదని ఒట్లు పెట్టింది. ఇప్పుడు తెలిసింది. కెటిల్ కింద పెట్టి, పొయ్యి దగ్గర నేల మీదే చతికిలబడింది.

అగుతి గొట్టాన్ని కుండ అంచుకు ఆనించి పెట్టింది. కర్రలు చంకల్లోకి తీసుకుంది. ఎవరో సాయం పట్టబోతే వద్దని తల ఊపి, తానే లేచి నిలబడింది.

"నా ఒక్కడిదే అన్నావు. అది విని, పోనీలే, ఆ బండిలో ఒక మనిషన్నా ఉన్నాడు అనుకున్నాను" అంది ఒజిలోంగ్‌తో. "ఎవరూ లేరన్నమాట."